రబ్బరుతో గీసిన గీత

గడియ పెట్టాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు, అయినా పెట్టాను. అత్తా, మా ఆయన బెన్హర్ బావా చర్చికి వెళ్ళిపోయారు. వీధి చివర మైకులో మొదటి పాట అప్పుడే ఎత్తుకున్నారు, హార్మోనియం ఒక దారిన, గొంతులు ఒక దారిన పోతున్నాయి. బీరువా అద్దం మీద వేలాడుతున్న దుప్పటి పట్టుకు లాగితే, అది జారకుండా పైన బరువుకి పెట్టిన పాత ఇస్త్రీపెట్టె కూడా దానితో వచ్చి నా కాలి పక్కనే పడింది. పడనీ. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి నన్ను తెచ్చిన రోజునే అత్త ఆ దుప్పటి కప్పింది. ‘సూసుకోకే మెర్సీ, సూసుకుంటే మనసు సెడిపోతాది’ అంది. అత్త అంటే ఉట్టి అత్తగారు కాదు, మా నాన్న సొంత అక్క ఎలీసమ్మ, చిన్నప్పుడు నాకు నలుగు పెట్టి నీళ్ళు పోసిన మనిషి. ప్రేమతోనే కప్పింది. కోపంతో కప్పి ఉంటే మర్నాడే తీసి పారేసేదాన్ని. ప్రేమతో కప్పింది కాబట్టి ఏడాది దాటినా అలాగే ఉండిపోయింది, చంకకి పౌడరు రాసుకోవాలన్నా, బొట్టు బిళ్ళంత చేతి అద్దంలో మొహం ఒక్కటీ చూసుకుని బతికాను. మొహం కింద ఏమీ లేనట్టు, బడి పిల్లలు గీసే బొమ్మలాగా, తల ఒకటి, దాని కింద గౌను ఒకటి.

స్టూలు అద్దం ముందుకి లాక్కుని, మంచం మీద అట్ట నిలబెట్టి, దానికి కాగితం బట్టల క్లిప్పులతో బిగించాను. తూర్పు కిటికీ ఒక రెక్క మూసి ఒక రెక్క తెరిచాను. వెలుగు ఒక పక్కనుంచే రావాలి. నైటీ నడుం దాకా దించాను. చూశాను. మొదట కళ్ళు నా మాట వినలేదు, అవి కూడా చర్చికి పోయినట్టున్నాయి, మెడ దగ్గర ఆగాయి, జుట్టు దగ్గర ఆగాయి, మందులకి ఊడిపోయి మళ్ళీ వచ్చిన జుట్టు ఇదివరకటి నా జుట్టు కాదు, గొర్రెబొచ్చులా రింగులు తిరిగి ఉంది. దిగు, అన్నాను కళ్ళతో. దిగాయి. కుడి పక్క ఎప్పటిదే, కొంచెం వాలి, తన బరువు తాను మోసుకుంటూ. ఎడమ పక్క చదును. రొమ్ము ఎముక దగ్గర మొదలై చంక కిందికి ఏటవాలుగా పోయిన కుట్టు, ఆ చివర చిన్న ముడత. కత్తెర పట్టి ఇరవై ఏళ్ళు దాటిన దాన్ని, ముందు నాకు ఆ ముడతే కనిపించింది. జాకెట్టుకి వేసే డాటు మడత చివర గుడ్డ పోగుపడితే అలాగే లేస్తుంది, నేనైతే విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. నవ్వొచ్చింది. అద్దంలో ఆవిడా నవ్వింది. అప్పుడు భయం పోయింది అని చెప్పను గానీ, పక్కకి జరిగి నాకు కాస్త చోటిచ్చింది.

పాట మారింది. ఈ పాట అయ్యాక ప్రకటనలు, ప్రకటనలయ్యాక సాక్ష్యాలు. ఈ ఆదివారం సాక్ష్యం నాది. జబ్బు నయమైనందుకు సంఘం ముందు నిలబడి దేవుడికి వందనాలు చెప్పాలి. చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు, ఆసుపత్రి మంచం మీద నేను పిలిచిన పేరు ఆయనదే, పలికాడో లేదో నాకూ ఆయనకీ తెలుసు. కానీ మొన్న పాస్టరుగారి భార్య పద్మజగారు నా కుట్టు దుకాణానికి వచ్చారు. బల్ల మీద కత్తిరించి పెట్టిన జాకెట్టు ముక్కల్ని వేళ్ళతో సర్దుతూ, నా మొహం చూడకుండా, ‘సాక్ష్యంలో ఆ మాట అనకమ్మా. మగోళ్ళుంటారు, కుర్రోళ్ళుంటారు. పెద్ద జబ్బు సేసింది, దేవుడు తప్పించేడు అను, సాలు’ అన్నారు. ఏ మాట పద్మజగారూ, అన్నాను. ‘అదేనమ్మా’ అన్నారు. అదేనమ్మా! రొమ్ము. రొమ్ము క్యాన్సరు. ఇంట్లో నేనొక్కదాన్నే గొంతు విప్పి అంటే ఎంత చిన్న మాట, రెండు అక్షరాలు. మా సంఘంలో ఒక పెద్దాయన లేచి నిలబడి మూలవ్యాధి నయమైందని చెప్పాడు, అందరూ హల్లెలూయ అన్నారు, పిల్లలు కూడా అన్నారు. నా జబ్బుకి పేరు లేదు. బావ రైసు మిల్లులో సెలవు అడిగినప్పుడు గుండె ఆపరేషనని రాశాడట. ఇప్పటికీ మిల్లు గుమాస్తాలు ఎదురైతే, గుండె ఎలా ఉన్నాదమ్మా అంటారు. బాగున్నాదండీ, కొట్టుకుంటన్నాది, అంటాను. ఇవాళ పొద్దున్న చీర కట్టుకోకుండా కూర్చుంటే అత్త గుమ్మంలో నిలబడి, ‘ఒసే, టైమైపోతంది’ అంది. నాను రాను అన్నాను. ‘ఒంట్లో బాగులేదా?’ బాగున్నాది, రాను. అత్త నన్నొకసారి, బావనొకసారి చూసి, వేదపుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. బావ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం బావకి వచ్చినంత బాగా రాజాంలో ఎవరికీ రాదు.

తల గియ్యడం మొదలుపెట్టాను. గట్టి పెన్సిలుతో, తగిలీ తగలనట్టు. మేడ మీద జగన్నాధం మాష్టారి గొంతు వినిపిస్తోంది నాకు, చెయ్యి చాపు తల్లీ, పెన్సిలు నిలువుగా పట్టు, ఒక కన్ను ముయ్యి, తలెంతుందో బొటనేలితో గుర్తెట్టుకో, ఆ తలతోనే ఒళ్ళంతా కొలువు. ఆ మాట విన్న మొదటిరోజే నాకు మాష్టారు నచ్చారు, కొలత తెలిసిన మనిషి. మా దుకాణం పైన గదే ఆయనది, హైస్కూల్లో డ్రాయింగు మాష్టారుగా రిటైరై శనివారాలు బొమ్మలు నేర్పుతారు. ఆపరేషన్ తర్వాత ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం మానేసింది, మిషను తొక్కగలను గానీ గుడ్డ లాగి పట్టలేను, కత్తిరింపులు చూసుకుంటూ ఊరికే కూర్చునేదాన్ని. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ కళ్ళు నా కొలత తీసేవి. మొహం చూసి మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్క క్షణం కిందికి దిగి, ఏ పక్కా అని వెతికి, పట్టుబడిపోయినట్టు మళ్ళీ మొహానికి వచ్చేవి. నేను ఆ పక్క నింపుకునే ఉండేదాన్ని. దూది పెడితే తేలిపోయి మెడ దాకా ఎక్కేస్తోందని, బరువుకి లోపల చోళ్ళు, అంటే రాగులు, పోసి మెత్తలా కుట్టుకున్నాను. మే నెల ఎండకి చెమటపట్టి ఒకరోజు ఆ చోళ్ళకి మొలకలొచ్చాయి. రాత్రి విప్పి చూస్తే తెల్లటి తోకలు. ఏడవాలో నవ్వాలో తెలియక, బావకి చెప్పబోయి, అతను గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే ఊరుకుని, పెరట్లో చల్లేశాను. మర్నాడు శనివారం. దుకాణంలో ఇంకో జత కళ్ళు నన్ను వెతకడం చూడలేక మెట్లెక్కి మాష్టారి గదిలోకి వెళ్ళిపోయాను.

‘ఏటి గియ్యాలనున్నాదమ్మా?’ అని అడిగారు. మనుషుల్ని, అన్నాను. ‘మనుషులు ఆకర్నొస్తారు. ముందు గుడ్డు గియ్యి’ అని తెల్ల గుడ్డ మీద కోడిగుడ్డు పెట్టారు. ఎన్ని వారాలు గీశానో ఆ గుడ్డు. గుండ్రంగా గీత గీసి లోపల నల్లగా రుద్దితే ఆయన తల ఊపి, ‘నలుపు రుద్దీడం నీడ కాదు. నీడ మెల్లగా నడిసొస్తాది. ఇక్కడ ఎలుగు, ఇక్కడ సగం ఎలుగు, ఇక్కడ సీకటి, సూడు, సీకటి సివర్న మళ్ళీ బల్ల మీంచి కొంచెం ఎలుగు తిరిగొస్తన్నాది, దాన్ని తినీకు’ అన్నారు. గుడ్డు తర్వాత వంకాయ, వంకాయ తర్వాత బిందె, బిందె తర్వాత చెయ్యి, ఆ తర్వాతే మనుషులు. క్లాసులో ఒకరి తర్వాత ఒకరు కుర్చీలో కూర్చునేవాళ్ళు, మిగతావాళ్ళు గీసేవాళ్ళు. బొగ్గు పెన్సిలు పైకి నల్లగా గట్టిగా కనిపిస్తుంది గానీ ఒకసారి కింద పడిందంటే లోపల్లోపలే ముక్కలవుతుంది, చెక్కిన కొద్దీ మొన ఊడి పడుతుంది. గోళ్ళలో నలుపు వదిలేది కాదు. ఒకావిడ పొందూరు ఖద్దరు జాకెట్టు గుడ్డ మీద నా బొటనవేలు పడింది, ఆవిడ పెట్టిన గోలకి బజారంతా వినిపించింది, మూడుసార్లు ఉతికిచ్చాను. అత్త నా చేతులు చూసి, ‘పొయ్యిలో సెయ్యెట్టేవేటే’ అనేది. పెట్టాను అనేదాన్ని. కుర్చీలో కూర్చున్న మనిషిని కళ్ళు చికిలించి చూస్తుంటే, ముక్కూ కళ్ళూ పోయి వెలుగూ నీడా మిగిలేవి, అప్పుడా మనిషి డబ్బున్నవాడా లేనివాడా, అందగత్తా కాదా అన్నది పోయేది, ఎక్కడ వెలుగు పడుతోంది, ఎక్కడ పడటం లేదు, అంతే. ఒక గంటసేపు నన్నెవరూ చూసేవారు కాదు, నేనే అందర్నీ చూసేదాన్ని. ఆ గంట కోసం వారమంతా బతికేదాన్ని.

మైకు గరగరలాడింది. ప్రకటనలు. యువజనుల కూటం, పొలం పనుల కోసం ప్రార్థన, ఎవరిదో గృహప్రవేశం. నా కాగితం మీద తల అయింది, మెడ అయింది, మెడ ఎముకలు రెండూ సైకిలు హాండిల్లాగా అటూ ఇటూ. ఎడమ భుజం కొంచెం ఎత్తుగా ఉంది, ఎప్పుడు లేచిందది, దెబ్బ తగలకుండా ఏడాదిగా అక్కడే కాపలా కాస్తోంది కాబోలు. అలాగే గీశాను. బొటనవేలితో కొలిచి, నెత్తి నుంచి రెండు తలల పొడుగు కిందికి అడ్డగీత గీశాను. మాష్టారి గోడ మీద పటంలో ఆ గీత సరిగ్గా రొమ్ముల మొనల దగ్గర పడుతుంది, ఆడదానికైనా మగాడికైనా. కుడివైపు చుక్క పెట్టాను. ఎడమవైపు చెయ్యి గాలిలో ఆగింది. పోయిన వారం ఆగలేదు. పోయిన వారం మాష్టారు, ఎవరి బొమ్మ వాళ్ళు గీసుకు రండి, కాలేజీ హాల్లో గోడకి పెడదాం అంటే, నా పాత పెళ్ళి ఫొటో పక్కన పెట్టుకుని, చీర కట్టి, రెండు పక్కలా నిండుగా గీసి పట్టుకెళ్ళాను. అందరూ బాగుందన్నారు. శైలజ అని డిగ్రీ చదివే పిల్ల, నా సంగతేమీ తెలియదు దానికి, తల పక్కకి వంచి చూసి, ‘అక్కా, ఎలుగు ఒక పక్కనించే కదా వస్తంది? రెండు పక్కలా నీడ ఒక్కలాగే ఎలాగ పడతాది?’ అంది. నాకు చెవులు వేడెక్కాయి. కుడిపక్క నీడనే తిప్పి ఎడమకి దించాను నేను, జాకెట్టుకి ఒక పక్క కత్తిరించి గుడ్డ మడిచి రెండో పక్క తీసినట్టు. మాష్టారు దిద్దుదామని అలవాటుగా పెన్సిలు తీసుకున్నారు, కాగితం మీద పెట్టబోయి, ఆగి, నా చేతికి ఇచ్చేశారు. ‘ఫొటో సూసి గీస్తే ఫొటోయే వస్తాది తల్లీ. ఇంటికెళ్ళి అద్దంలో సూసి గియ్యి’ అన్నారు. అద్దం. మా ఇంట్లో అద్దం ఎక్కడుంది?

‘ఇప్పుడు మన సహోదరి మెర్సీగారు సాక్ష్యం చెబుతారు.’ పాస్టరుగారి గొంతు వీధంతా పరుచుకుంది. నా పేరు అంత పెద్దదని నాకే తెలియదు. ఎవరింటి ముందో కుక్క మొరిగింది. మైకులో దగ్గు, ఎవరో ఎవరితోనో గుసగుస. అత్త ఇప్పుడు తల వంచుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంటుంది. బావ మగాళ్ళ వరసలో ఫ్యాను వైపు చూస్తూ ఉంటాడు. పోనీ వెళ్దామా, చీర చుట్టుకుని పరుగెత్తితే ఇప్పటికైనా అందుతుంది, నిలబడి పెద్ద జబ్బు, దేవుడు, వందనాలు అని మూడు ముక్కలు చెప్పేస్తే అందరికీ ప్రాణం కుదుటపడుతుంది. ‘మెర్సీగారు వచ్చారా?’ వచ్చాను. ఇక్కడ ఉన్నాను, మీ గోడలకి ఇవతల, నడుం దాకా బట్టలు లేకుండా, చేతినిండా బొగ్గుతో. మెత్త పెన్సిలు తీశాను. ఇక గట్టిది చాలు. ఎడమవైపు చుక్క పెట్టలేదు. అక్కడ లేనిది అక్కడ గియ్యను. మైకులో ఎవరో వేరే పాట ఎత్తుకున్నారు.

కుడిపక్క మీద నీడ నడిపించాను. చేతి కింద చిత్తు కాగితం పెట్టుకుని, పక్క నుంచి పక్కకి, మెల్లగా. ఇది గుడ్డు లాంటిదే, వంకాయ లాంటిదే, ఇన్ని వారాలు నేర్చుకున్నదంతా ఇక్కడికి పనికొచ్చింది. కింది మడతలో చీకటి, చీకటి చివర పొట్ట మీంచి తిరిగొచ్చే వెలుగు. తినలేదు, వదిలాను. కాగితం చుట్టిన పుల్లతో అంచులు రుద్దితే బల్లపరుపు కాగితం ఉబ్బి బరువెక్కింది. ఈ బరువు బావకి తెలుసు. బావ చెడ్డవాడు కాదు. మందుల రోజుల్లో నోరంతా పుళ్ళు పడి ఏదీ సయించకపోతే మిల్లు నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా దానిమ్మ గింజలు వలిచి గిన్నెలో పెట్టేవాడు, రాత్రిళ్ళు వాంతి గిన్నె పట్టుకుని కూర్చునేవాడు. అలాంటి మనిషి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, చూడలేదు. నేను జాకెట్టు మార్చుకుంటుంటే అతని కళ్ళు ఫ్యాను మీదికి పోతాయి. దగ్గరికి వస్తే ముందు లైటు తీస్తాడు, చీకట్లో కూడా చెయ్యి కుడిపక్కే ఆగుతుంది, మధ్యలో ఎవరో కంచె కట్టినట్టు. ఒకసారి నేనే చెయ్యి పట్టుకుని ఇటు లాగితే, ‘నొప్పి సేస్తాదేమో’ అని వెనక్కి తీసుకున్నాడు. నొప్పి చెయ్యదు బావా, అక్కడ నొప్పి కూడా లేదు, మొద్దుబారిపోయింది, నొప్పెడితే బాగుండును. ఇదంతా నోటితో అన్నానా, లేదు. నేనూ అతని భార్యనే కదా, నాకూ ఏమీ అనకపోవడం అలవాటైంది. అయింది. ఇప్పటిదాకా అయింది.

ప్రసంగం మొదలైంది, ఇక చాలాసేపు సాగుతుంది. ఎడమపక్కకి వచ్చాను. ఇక్కడ నేర్చుకున్నదేదీ పనికిరాలేదు. గుండ్రటిదానికి నీడ నడుస్తుంది, చదునుగా ఉన్నదానికి ఎలా? చదును కూడా కాదు, కళ్ళు చికిలించి చూస్తే తెలిసింది, మెడ ఎముక కింద పల్లం, పక్కటెముకలు ఒకదాని కింద ఒకటి నాగలి చాళ్ళలాగా, చంక దగ్గర మాంసం తీసేసిన గుంట. ఆసుపత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టిన చోట చర్మం ఇప్పటికీ చుట్టూ ఉన్నదానికంటే నల్లగా, సరిగ్గా పలక పెట్టి గీసినట్టు నాలుగు పలకలుగా ఉంది. ఆ నలుపు వేశాను. ఏడాదిగా దాచిన నలుపు కదా, చెయ్యి ఆగలేదు, మెత్త పెన్సిలు సగం అరిగింది, మధ్యలో రెండుసార్లు విరిగితే ముక్కతోనే రుద్దాను, వేళ్ళతో రుద్దాను. అద్దంలో ఆ నలుపు కింద ఏదో కదిలింది. మళ్ళీ చూశాను. గుండె. ఎముకల సందులో, చర్మం కింద, తడుతోంది. ఇదివరకు దానికి అడ్డం ఉండేది, ఇప్పుడు లేదు, బయటికే కనిపిస్తోంది, తలుపు కొడుతున్నట్టు. గుండె ఆపరేషన్ అని రాశావు కదా బావా, ఇదిగో. బొగ్గుతో అది గియ్యడం నాకు రాదు, ఎవరికీ రాదనుకుంటాను, చూస్తూ కూర్చున్నాను అంతే.

కుట్టు మిగిలింది. నల్లగా గీత గీద్దామని మొన చెక్కి, కాగితానికి ఆనించి, అద్దంలో చూసి, ఆపాను. కుట్టు నల్లగా లేదు. ఇన్నాళ్ళూ నా మనసులో అది నల్లగానే ఉంది, కాలిన తాడులాగా. ఇప్పుడు చూస్తే చుట్టూ ఉన్న నలుపంతటిలోకీ మెరుస్తున్నది అదొక్కటే, కిటికీ వెలుగు దాని మీద జారి పట్టుదారంలా తళతళమంటోంది. అంటే దాన్ని పెన్సిలుతో గియ్యకూడదు. పిండిముద్దలాంటి రబ్బరు తీసి, వేళ్ళ మధ్య నలిపి, కొసని సన్నగా సాగదీసి, రొమ్ము ఎముక దగ్గర నుంచి ఏటవాలుగా, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడు లాగాను. నలుపు లేచి రబ్బరుకి అంటుకుంది, కింద నుంచి తెల్ల కాగితం వచ్చింది. గీత చివర ఆ ముడత కూడా రబ్బరుతోనే, రెండు అద్దుళ్ళు. స్టూలు వెనక్కి జరిపి చూశాను. ఎవరో ఆడది, రింగుల జుట్టుది, ఒక భుజం ఎత్తి, నా వైపే చూస్తోంది, దాచుకోవడం లేదు, జాలి పడమనీ అడగడం లేదు. ఏటి సూస్తావు, అంటున్నట్టుంది. నేనే. కింద కుడి మూల ‘మెర్సీ’ అని రాశాను, తేదీ వేశాను, బొగ్గు రాలకుండా తలకి కొట్టుకునే స్ప్రే కొట్టాను. అప్పటికి మైకు ఎప్పుడాగిందో గమనించలేదు. వీధిలో చెప్పుల చప్పుడు, గేటు చప్పుడు, ఆ వెంటనే తలుపు మీద వేళ్ళు.

‘మెర్సీ. తలుపు తియ్యి.’ బావ. నైటీ భుజాలకి ఎక్కించుకున్నాను, మళ్ళీ కొత్త చోళ్ళు పోసి కుట్టుకున్న మెత్త బల్ల మీదే ఉంది, పెట్టుకోలేదు. గడియ తీశాను. లోపలికి వచ్చి ముందు నన్ను చూశాడు, తర్వాత అద్దం, తర్వాత మంచం మీద అట్ట, వెంటనే కళ్ళు ఫ్యాను మీదికి లేచాయి. అది తిరగడం కూడా లేదు.

‘ఫ్యానొద్దు బావా. ఇటు సూడు.’

‘ఏటిది మెర్సీ, ఎవలైనా సూస్తే...’

‘ముందు నువ్వు సూడు.’

చూశాడు. కాగితాన్ని చూశాడు, నన్ను కాదు, అయినా అదే మొదలు. అతని కళ్ళు కుడిపక్క ఆగి, మధ్యలో తడబడి, కంచె దాటి ఇవతలికి వచ్చాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. ‘ఇంత పొడుగా?’ అన్నాడు. తర్వాత, ‘ఇంకా నొప్పెడతాదేటి?’ అన్నాడు. ‘దురదెడతాది. రాత్రుళ్ళు. ఇప్పుడడిగేవు’ అన్నాను. ఇంతలో ముందు గదిలో కుర్చీలు లాగిన చప్పుడైంది. ‘పద్మజగారు, మరిద్దరొచ్చేరు. నీకు ఒంట్లో బాగులేదని అమ్మ సెప్పింది, ప్రార్థన సేస్తారంట’ అని గొంతు తగ్గించి, ‘అది గోడకి తిప్పి పెట్టు. కాలేజీ హాల్లో పెట్టుకుందువు గానీ, ఈల్ల ముందెందుకు’ అన్నాడు.

అట్టని రెండు చేతులా ఎత్తుకున్నాను. ఎడమ చెయ్యి లాగింది, లాగనీ. బావ దారికి అడ్డంగా నిలబడి ఒక్క క్షణం ఆలోచించాడు, పక్కకి జరిగి కర్టెన్ ఎత్తి పట్టుకున్నాడు. నా చిన్నతనం నుంచీ తెలుసు నాకీ మనిషి, ఇంత పని చేస్తాడని తెలియదు. ముందు గదిలో పద్మజగారు, పక్కన ఒక ముసలావిడ, ఆ పక్కన హేమ, పాటల జట్టులో పాడుతుంది, పోయిన నెల జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చి టేపు తగలనివ్వకుండా పాత జాకెట్టే కొలతకి ఇచ్చి వెళ్ళింది. ఖాళీ కుర్చీ మీద అట్ట నిలబెట్టాను. పక్కన నేను నిలబడ్డాను.

‘ఓలమ్మ, ఓలమ్మ!’ అత్త నోటి మీద చెయ్యేసుకుంది. ‘మతి పోయిందేటే?’

‘ఆర్నెల్లు నువ్వే కడిగేవు కదత్తా. నీకు తెలీందేటి?’ అన్నాను. అత్త గోడకి ఆనుకుని కింద కూర్చుంది. పద్మజగారి మొహం ఎర్రబడింది. ‘మెర్సీ, మా ఆయన మైకులో రెండుసార్లు పిలిసేరు’ అన్నారు. విన్నానండి, అన్నాను. ‘ఆ మాట వొద్దన్నారు కదా మీరు. మాట్లాడకుండా గీసేను. వచ్చే శనివారం కాలేజీ హాల్లో ఉంటాది, పాస్టరుగార్ని కూడా తీసుకు రండి.’ ఆవిడ బొమ్మ వైపు చూడలేక, నా వైపు చూడలేక, ‘కళ్ళు మూసుకుందాం’ అన్నారు. అందరూ మూసుకున్నారు. ముసలావిడ మూసుకుంది, అత్త మూసుకుంది, గుమ్మంలో బావ మూసుకున్నాడు. పరలోకమందున్న తండ్రీ అంటూ పద్మజగారి గొంతు లేచింది, నీ కుమార్తెని క్షమించు, దారి చూపించు అంటోంది. నేను మూసుకోలేదు. ఒక గంటసేపు తెరిచి ఉంచిన కళ్ళు అంత తొందరగా మూతపడవు. అందుకే కనిపించింది. హేమ కూడా మూసుకోలేదు. దాని కళ్ళు నా బొమ్మ మీద, ఎడమపక్క మీద ఉన్నాయి. మనిషి కదలడం లేదు గానీ, కుడి చెయ్యి మెల్లగా కొంగు కిందికి పోయి, చంక కింద ఒకచోట ఆగి, అక్కడేదో ఉందో లేదో చూసుకుంటున్నట్టు వేళ్ళతో నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కింది. తల ఎత్తితే నేను చూస్తున్నాను. చెయ్యి టక్కున కిందికి జారింది.

వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. ప్రార్థన సాగుతూనే ఉంది. హేమ పెదాలు నా చెవి దగ్గరికి వచ్చాయి. ‘శనగ్గింజంత ఉండీదక్కా. ఇప్పుడు పెద్దదైంది. ఎవలికీ సెప్పకు.’

దాని చెయ్యి పట్టుకున్నాను, నా బొగ్గంతా దానికంటుకుంది. గొంతు తగ్గించలేదు, తగ్గించే గొంతు నా దగ్గర ఇక లేదు.

‘నాను సెప్పను, నువ్వే సెప్తావు. రేపు పొద్దున్న మొదటి బస్సుకి ఇశాపట్నం ఎల్దాం, డాక్టరుకి నీ నోటితోనే సెప్పు. రొమ్ములో గడ్డున్నాది అని సెప్పు. నాను పక్కనుంటాను.’

ప్రార్థన మధ్యలో ఆగిపోయింది. అందరూ కళ్ళు తెరిచారు.